చెరకు మీటింగులో ఒకటే ఫోను లైను

మా అక్కను పొద్దున్నే నిజామాబాద్ ఖలీల్‌వాడిలోని ఒక నర్సింగ్ హోంలో చేర్చి, అక్కడి నుంచే నేను బోధన్ బస్సెక్కాను. ఇప్పుడు ఎవరికైనా చెప్తే నా వైపు అదోలా చూస్తారు. కానీ ఆ పొద్దున అది తప్పుగా అనిపించలేదు. నొప్పులు ఇంకా మొదలు కాలేదనీ, బీపీ ఎక్కువుంది కాబట్టి ముందు జాగ్రత్తకు పెట్టుకుంటున్నామనీ, కాన్పు రేపో ఎల్లుండో అనీ డాక్టరమ్మ చెప్పింది. అవ్వ, అంటే మా అమ్మ, అక్క మంచం పక్కన గచ్చు మీద కూర్చుని ఉంది. బీడీలు చుట్టే చాట ఇంట్లో వదిలి వచ్చింది కదా, వేళ్ళకు ఏమీ తోచక కొంగు అంచును చుట్టుతూ, విప్పుతూ ఉంది.

"నువ్వుండి ఏం జేస్తవ్ బిడ్డా? నేనున్న, మీ బావ ఉన్నడు. ఒప్పుకున్న పని ఇడ్సిపెట్టద్దు, పో" అంది.

అక్క కూడా కళ్ళతోనే పొమ్మంది. కాళ్ళు వాచి ఉన్నాయి ఆమెకు. మొహం కూడా కొంచెం ఉబ్బింది.

వెళ్ళే ముందు డాక్టరమ్మ నన్ను ఆపి ఒక మాట అడిగింది. అక్కది ఓ నెగెటివ్ రక్తం, టౌన్లో అంత తొందరగా దొరకదు, మీ ఇంట్లో ఎవరికైనా ఉందా అని. నాకుంది. కాలేజీలో ఒకసారి పరీక్ష చేయించుకున్నప్పుడు తెలిసింది. "అయితే ఫోన్ చేస్తే వచ్చేటట్టు ఉండు" అందామె. నాకు సెల్‌ఫోను లేదు. అప్పట్లో నాలాంటి వాళ్ళ దగ్గర ఎక్కడిది? నేను పోయే గెస్టు హౌసు నంబరు బావకు చెప్పాను. బావకు మోర్తాడ్‌లో చిన్న బట్టల దుకాణం, ఎప్పుడూ జేబులో పెన్ను ఉంటుంది. ఆ పెన్నుతో అరచేతిలో రాసుకున్నాడు.

"గంట గంటకు కొడ్త. నువ్వు ఫోన్ కాడ్నే ఉంటవ్ గదా?"

"ఉంట బావా. నేను కూసునే గదిలనే ఫోనుంటది."

అది నిజమే. ఆ ముందు రోజే చూసి వచ్చాను.

నేను అప్పుడు నిజామాబాద్‌లో ఒక కంప్యూటర్ సెంటర్లో పనిచేసేదాన్ని. పొద్దున పిల్లలకు పాఠాలు, మధ్యాహ్నం నుంచి ఆఫీసులకు పోయి కంప్యూటర్లు ఒకదానికొకటి కలపడం. సెంటర్ నడిపే ఆయనను అందరం అన్న అనే పిలిచేవాళ్ళం. అన్నకు చేతి పని బాగా వచ్చు, నిచ్చెన ఎక్కి దూలం మీదుగా వైరు లాగడం ఆయన వంతు. పెద్ద ఉద్యోగుల ముందు నిలబడి, వాళ్ళ భాషలో వాళ్ళకు నచ్చచెప్పడం నా వంతు. అది ఎప్పుడు నా వంతు అయిందో నాకే గుర్తు లేదు.

బోధన్ అవతల చెరకు తోటల మధ్య ఉన్న ఒక మిల్లు గెస్టు హౌసులో చెరకు సంగతి తెలిసినవాళ్ళ మీటింగు పెట్టారు. రెండు రోజులు. మిల్లుల కెమిస్టులు, చెరకు ఆఫీసర్లు, కొత్త రకాలు పెంచే శాస్త్రవేత్తలు, కొందరు ఇక్కడివాళ్ళు, కొందరు మంజీరా అవతలి మహారాష్ట్రవాళ్ళు. దాన్ని జరిపించే పెద్దాయన ఆ మిల్లులోనే సీనియర్ కెమిస్టు. ఆయన పుణెలో ఏదో మీటింగుకు పోయినప్పుడు అక్కడ అందరి ల్యాప్‌టాప్‌లకూ వైర్లు కలిపి, ఒకే సర్వర్ మీద ఉన్న లెక్కలను అందరూ ఒకేసారి చూస్తూ మాట్లాడుకోవడం చూశాడట. అప్పటి నుంచి ఆయనకు అదే పట్టుకుంది. మన దగ్గర కూడా అట్లా జరగాలి. దాని కోసం ఆయన అన్నను పిలిపించి, గోడలు చూపించి, ప్లగ్గులు చూపించి, "ఒక్కరిది కూడా కలవకుండా ఉండొద్దు" అని మళ్ళీ మళ్ళీ చెప్పాడు.

నేను బస్సు దిగి మిల్లు రోడ్డు మీద నడుస్తుంటే చెరకు బండ్ల వరుస గేటు దాటి రోడ్డు మీదికి వచ్చి ఉంది. ఎద్దులు నిలబడి నిద్రపోతున్నాయి. గాలి నిండా ఉడికిన తీపి వాసన, పొగగొట్టం నుంచి రాలే నల్లటి నుసి. గెస్టు హౌసు మెట్ల మీద అన్న నా కోసమే చూస్తున్నాడు. మొహం వాడిపోయి ఉంది.

"ఒక లైను సచ్చింది" అన్నాడు.

గెస్టు హౌసుకు రెండు ఫోను లైన్లు. ఒకటి మామూలుగా మాట్లాడుకోవడానికి, రెండోది ఇంటర్నెట్ కోసం మాకు ఇస్తామన్నారు. రాత్రి ఎత్తుగా చెరకు నింపుకున్న లారీ ఒకటి పోతూ పోతూ ఆ రెండో లైను తీగను తెంపుకుపోయింది. బాగుచేసేవాళ్ళు ఎప్పుడొస్తారో తెలియదు.

"మరి నెట్టు ఎట్ల?"

"ఉన్న ఒక్క లైను మోడెంల పెట్టుమన్నడు పెద్దసారు."

నేను ఆ గదిలోకి పోయి చూశాను. హాలు పక్కనే మేనేజర్ కూర్చునే చిన్న గది అది. టేబుల్ మీద మిల్లు ఆఫీసు నుంచి తెచ్చిన సర్వర్ కంప్యూటరు, పక్కన మోడెం, దాని పక్కన ఆకుపచ్చ రంగు ఫోను. ఫోను వైరు అప్పటికే పీకి మోడెంలో పెట్టి ఉంది. ఆ ఫోను నంబరే బావ అరచేతిలో ఉంది.

అన్నకు చెప్పాను. ఆయన తల గోక్కున్నాడు.

"పరేషాన్ గాకు. గంటకోపారి నెట్టు బంద్ జేసి ఫోన్ల పెడ్దం. నువ్వే చేసి మాట్లాడు. ముందుగాల అందరియి కలుపుదం, ఒస్తున్నరు."

ఇంక నిలబడి ఆలోచించే సమయం దొరకలేదు. జీపులు వచ్చాయి. ఒక్కొక్కరు నల్లటి సంచీలు భుజాన వేసుకుని దిగుతున్నారు. అప్పటికి మా జిల్లాలో ల్యాప్‌టాప్ చూడనివాళ్ళే ఎక్కువ, నేను కూడా మూడో నాలుగో చూసి ఉంటాను. ఆ హాల్లో ఒకేసారి అన్ని ఉన్నాయి. ఏ రెండూ ఒకలా లేవు. కొన్నిటికి వైరు పెట్టే రంధ్రమే లేదు, దానికి వేరే కార్డు పెట్టాలి, ఆ కార్డులు మా దగ్గర తక్కువ. కొన్నిటికి పాస్‌వర్డ్ వాళ్ళ ఆఫీసులో ఉన్న ఎవరికో తెలుసు, తెచ్చినాయనకు తెలియదు. కొందరు మిషన్ నా చేతికిచ్చి టిఫిన్‌కు పోయారు. కొందరు మాత్రం పసిబిడ్డకు సూది వేయిస్తున్నట్టు నా వెనకే నిలబడి, ఏం నొక్కుతున్నావ్, ఎందుకు నొక్కుతున్నావ్ అని అడిగారు.

ఒక్కొక్క దానికీ వైరు పెట్టాలి, సర్వర్ దాన్ని గుర్తుపట్టేలా అంకెల అడ్రసు ఇవ్వాలి, సర్వర్‌లో పేరు రాయాలి, తెరుచుకుంటుందో లేదో చూడాలి. వైరు పెట్టాలంటే టేబుల్ కింద దూరాలి. చున్నీ నడుముకు చుట్టుకుని మోకాళ్ళ మీద పాకుతూ పోయాను. కింద నుంచి చూస్తే అందరూ బూట్లూ చెప్పులే. "జర కాలు తీయండి సార్" అనడం, వాళ్ళు ఉలిక్కిపడి రెండు కాళ్ళూ పైకెత్తడం. కిటికీల నుంచి నుసి వచ్చి తెరల మీద వాలుతోంది, తుడిస్తే నల్లటి చార అవుతోంది.

ఒక ఇంజనీరు తన దానిలో అడ్రసు మార్చనివ్వలేదు. మా ఆఫీసులో పెట్టింది ఇదే, మారిస్తే మళ్ళీ అక్కడ పనిచేయదు అని పట్టుబట్టాడు.

"మార్చకపోతె ఈడ కలవది సార్. పోయేటప్పుడు మళ్ళ ఎట్లున్నది గట్లనే పెట్టిస్త."

"పెట్టకపోతే?"

"పెట్టేదాక మీ జీపు ముందల నిలబడ్త."

ఆయన నవ్వలేదు కానీ కుర్చీ వెనక్కి జరిపాడు. నేను పాత అడ్రసును ఆయన కళ్ళ ముందే ఒక చీటీ మీద రాసి ఆయన జేబులోనే పెట్టాను.

అన్ని పనుల మధ్యా నా ధ్యాస గోడ అవతలి గది మీదే ఉంది. గంటకొకసారి కొడతానన్నాడు బావ. కొట్టి ఉంటాడు. కొట్టినప్పుడల్లా బిజీ అని వస్తూ ఉంటుంది. నేను ఎవరితోనో మాట్లాడుతున్నానని అనుకుంటాడు. లేదా ఏమీ జరగలేదు కాబట్టి కొట్టనే లేదేమో. రెండింటిలో ఏదో తెలియక నేను ఒక టేబుల్ దగ్గర వైరు పెట్టి, పెట్టానో లేదో మరిచిపోయి, మళ్ళీ వంగి చూసేదాన్ని.

పొద్దుటి టీ వేళకు పెద్దాయన దగ్గరికి పోయి సంగతి చెప్పాను. ఆయన కప్పు పట్టుకుని అలాగే ఆగిపోయాడు.

"అరే, ముందే చెప్పద్దా అమ్మా? పో పో, ఇప్పుడే చేస్కో."

నెట్టు ఆపి, వైరు ఫోనులో పెట్టి, నర్సింగ్ హోంకు చేశాను. చాలాసేపు మోగాక ఎవరో ఎత్తారు. పోయి కనుక్కొని వచ్చి, ఇంకా ఏమీ లేదు, నొప్పులు చిన్నగా వస్తున్నాయి అన్నారు. బావను పిలవమంటే కనబడలేదన్నారు. నేను ఫోను పెట్టేసి కొంచెంసేపు దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాను, మోగుతుందేమో అని. హాల్లో నుంచి ఎవరో "నెట్ పోయింది" అని అరిచారు. మళ్ళీ వైరు పీకి మోడెంలో పెట్టాను. అది కీచుమని, గరగరమని కలిసింది.

మధ్యాహ్నం భోజనాలప్పుడు మళ్ళీ చేద్దామనుకున్నాను. కుదరలేదు. పుణె నుంచి ఒక పెద్ద ఫైలు రావాలి, భోజనం తర్వాత అందరూ దాని మీదే మాట్లాడాలి. అందరూ తింటున్నప్పుడు లైను ఖాళీగా ఉంటుంది కాబట్టి అప్పుడే దింపమన్నాడు పెద్దాయన. నాకూ అదే సరి అనిపించింది, ఫైలు తొందరగా వస్తే లైను తొందరగా ఖాళీ అవుతుంది కదా. దింపడం మొదలుపెట్టాను. తెర మీద నీలం గడులు ఒక్కొక్కటీ నిండుతున్నాయి. ఒక గడి నిండడానికి పట్టే సేపట్లో నేను గది అంతా నడిచి వచ్చేదాన్ని. గది చిన్నది.

అన్న నా అవస్థ చూసి పెద్దాయన సెల్‌ఫోను అడిగి తెచ్చి ఇచ్చాడు. దానికి కింద సిగ్నల్ ఉండదు, మిద్దె మీద ఒక మూలన నిలబడితే వస్తుంది. మెట్లు రెండేసి ఎక్కుతూ పోయాను. మిద్దె మీద కాలు పెడితే నుసి మెత్తగా తగిలింది. చుట్టూ కనుచూపు మేర చెరకు. నంబరు నొక్కాను, మోగింది, ఎవరో "హలో" అన్నారు, అంతే, తెగిపోయింది. మళ్ళీ నొక్కాను. ఆ "హలో" కూడా రాలేదు. ఫోనును తల మీదికెత్తి, పిట్టగోడ పొడుగునా నడిచాను. కింద చెరకు బండి మీదున్న ఒకాయన నన్ను చూసి, "ఏం బిడ్డా, పిట్టలను కొడ్తున్నవా?" అని అడిగాడు.

కిందికి వచ్చేసరికి ఫైలు ఇంకా సగంలోనే ఉంది. హాల్లో భోజనం తర్వాతి సభ మొదలైపోయింది. బయటి నుంచి వచ్చిన ఒక పెద్ద శాస్త్రవేత్త లైట్లు తీయించి, తన ల్యాప్‌టాప్‌లోని బొమ్మలు తెర మీద చూపిస్తూ ఎర్ర కుళ్ళు తెగులు గురించి మాట్లాడుతున్నాడు. ఆయన తర్వాత అందరూ ఈ ఫైలు తెరవాలి.

నేను తలుపు దగ్గరికి పోయి పెద్దాయనకు సైగ చేశాను. ఆయన వచ్చాడు.

"సార్, ఒక్కపారి లైను తీస్త. ఫోన్ చేస్కుంట."

"ఎంతొచ్చింది?"

"సగం దాటింది."

"ఇప్పుడు తీస్తే?"

"మళ్ళ మొదటికెళ్ళి రావాలె."

ఆయన నా వైపు చూశాడు, హాలు వైపు చూశాడు. "ఇంకొంచెంసేపు ఆగు తల్లీ. పొద్దున ఏం లేదన్నరు గద" అన్నాడు. గొంతులో కటువు లేదు, బతిమాలుతున్నట్టే ఉంది. నేను మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

కూర్చున్నాను కానీ నా ఒళ్ళు కూర్చోలేదు. కాలు ఆడుతూనే ఉంది. గోళ్ళు కొరికాను. మోడెం మీది ఎర్ర లైట్లు మిణుకు మిణుకుమంటుంటే వాటి అవతల ఎవరో నా కోసం తలుపు కొడుతున్నట్టు అనిపించింది. అక్క ఉబ్బిన మొహం కళ్ళ ముందుకు వచ్చింది. చిన్నప్పుడు మేమిద్దరం ఒకే దుప్పట్లో పడుకునేవాళ్ళం, నేను కాళ్ళు ఆడిస్తానని ఆమె తన కాళ్ళు నా మీద బరువుగా వేసి పట్టుకునేది. ఆ కాళ్ళే ఇప్పుడు వాచిపోయి మంచం మీద ఉన్నాయి.

ఇంకో రెండు గడులు ఉన్నాయి. అంతే. అయినా ఆగలేకపోయాను. చెయ్యి చాచి మోడెంలోని వైరు పీకేశాను. తెర మీద ఏదో ఎర్ర గుర్తు వచ్చింది. వైరు ఫోనులో పెట్టాను. రిసీవర్ ఎత్తేలోగా అదే మోగింది.

"ఎటువోయినవ్ పిల్లా!" బావ అరుస్తున్నాడు. "పగటీలికెళ్ళి కొడ్తున్న! ఎప్పుడు కొట్టినా టుయ్ టుయ్ అనుడే!"

"ఏమైంది బావా?"

"ఆపరేషన్ జేసిండ్రు. ఆడివిల్ల పుట్టింది, మంచిగనే ఉంది. గని మీ అక్కకు రక్తం ఆగుత లేదు. రెండు సీసలు గావాలంటున్నరు. టౌన్ల ఎక్కడ తిరిగినా ఆ రక్తం లేదు. నువ్వు రా. జల్ది రా. ఇంకెవరన్న దొరికితె తీస్కరా..." అంటూ ఏడ్చేశాడు. మా బావ ఏడవడం నేను అంతకు ముందు వినలేదు.

నేను హాలు తలుపు దగ్గరికి పరుగెత్తాను. లోపల చీకటి. పెద్దాయన ముందు వరుసలో కూర్చుని ఉన్నాడు. చెయ్యి ఊపాను. ఆయన నన్ను చూసి, ఫైలు వచ్చిందని చెప్పడానికి వచ్చాననుకున్నాడేమో, తలూపి, ఆగమన్నట్టు అరచెయ్యి చూపించాడు. శాస్త్రవేత్త మాట్లాడుతూనే ఉన్నాడు. అంతమంది మగవాళ్ళ మధ్య నుంచి, చీకట్లో, కేబుళ్ళు తొక్కకుండా ముందుకు పోయి, మైకు లాక్కుని మాట్లాడటం నాకు చేతనయ్యే పని కాదు. ఇప్పుడైతే చేసేదాన్ని.

వెనక్కి తిరిగాను. సర్వర్ ముందు కూర్చున్నాను. బయటి నెట్టు లేకపోయినా, కలిపి ఉన్న కంప్యూటర్లన్నిటికీ ఒకేసారి చిన్న మాట పంపే ఏర్పాటు ఒకటి అందులో ఉండేది. సర్వర్ ఆపే ముందు, మీ పని దాచుకోండి అని చెప్పడానికి వాడేవాళ్ళం. దాంట్లో ఇంగ్లిషులో టైపు చేశాను. ఓ నెగెటివ్ రక్తం కావాలి, నిజామాబాద్ నర్సింగ్ హోంలో మా అక్క బాలింత, ప్రాణం మీదికి వచ్చింది, ఎవరికైనా ఉంటే దయచేసి పక్క గదికి రండి. తొందరలో ఒక అక్షరం తప్పుపడింది. దిద్దకుండానే పంపేశాను.

గోడ అవతల 'టంగ్' అని ఒక చప్పుడు. వెంటనే ఇంకొకటి. ఆపైన గుళ్ళో గంటలు ఒక్కసారే కొట్టినట్టు అన్నీ మోగాయి. పొద్దున నేను మోకాళ్ళ మీద పాకి కలిపిన ప్రతి మిషనూ మోగింది. మాట్లాడుతున్న ఆయన మిషన్ కూడా కలిపి ఉంది కదా, ఆ మాట పెద్ద తెర మీద, కుళ్ళిన చెరకు గడ బొమ్మ నడుమ వచ్చి నిలబడింది. ఆయన ఆగి, కళ్ళద్దాలు సర్దుకుని, అది తన ప్రసంగంలో భాగమే అన్నట్టు పైకి చదివాడు. సగం చదివాక గాని అదేమిటో ఆయనకు అర్థం కాలేదు. ఎవరో లైట్లు వేశారు.

మొదట పెద్దాయన వచ్చాడు, దాదాపు పరుగెత్తుకుంటూ. నేను ఏదో చెప్పబోతే వినలేదు. "డ్రైవర్ ఏడి? జీపు తియ్యమను!" అని వరండాలోకి అరిచాడు. ఒకామె వచ్చి నాది ఓ పాజిటివ్, పనికొస్తుందా అని అడిగింది. పనికిరాదు. ఆమె వెనక ఒక సన్నటి మనిషి నిలబడి ఉన్నాడు. మంజీరా అవతలి మిల్లు నుంచి వచ్చినాయన. పొద్దున ఈయనది కూడా నేనే కలిపి ఉండాలి, కానీ ఎంత గుర్తు తెచ్చుకున్నా ఆ మొహం గుర్తుకు రాలేదు. గొడవ పడ్డవాళ్ళంతా గుర్తున్నారు.

"చలా తాయీ" అన్నాడు. "మాఝం ఓ నెగెటివ్ ఆహే." పద అక్కా, నాది ఓ నెగెటివే అని, మరాఠీలో.

సర్వర్ అన్నకు వదిలేసి జీపెక్కాను. మిల్లు గేటు దగ్గరే ఆగిపోయింది జీపు. చెరకు బండ్లు దారికి అడ్డం. డ్రైవర్ హారన్ కొడితే ఎద్దులు బెదిరి ఇంకా అడ్డం తిరిగాయి. నేను దిగి ఒక్కొక్క బండి దగ్గరికి పోయి, "అన్నా, దవాఖానకు పోవాలె, జర పక్కకు తియ్యు" అని మొక్కుతూ పోయాను. తీశారు. పొద్దున నుంచి పెరిగిన చలి గాలి మొహానికి కొడుతుంటే జీపు ఎడపల్లి దాటింది. ముందు రైలు గేటు పడింది. నేను మళ్ళీ దిగాను. దిగి ఏం చేస్తాను? గేటు దాకా నడిచి, పట్టాల రెండు వైపులా చూసి, వచ్చి కూర్చున్నాను. రైలు తీరుబడిగా పోయింది.

ఆ సన్నటి మనిషి దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. సగం తెలుగు, సగం హిందీ, మధ్యలో మరాఠీ. చెరకు నరికాక అదే మోడు చిగురిస్తే వచ్చే రెండో పంట గురించి, దానికి పట్టే తెగులు గురించి, మోడును ఎంత కిందికి నరకాలి అనే దాని గురించి. నేను వినడం లేదని తెలిసి కూడా ఆపలేదు. నాకు చిరాకేసింది. జానకంపేట దాటాక గొంతు తగ్గించి అసలు మాట చెప్పాడు.

"తాయీ, నాకు సూది అంటే చాలా భయం. చిన్నప్పటి సే. రక్తం ఎప్పుడు ఇయ్యలేదు. అందుకే మాట్లాడుతున్న."

"మరి ఎందుకొచ్చిన్రు?"

"నా కంప్యూటర్ మీద వచ్చింది కద, నా గ్రూప్. నాకే చెప్పినట్టు అనిపించింది" అన్నాడు. అది అందరికీ వచ్చిన మాట అని ఆయనకు తెలియక కాదు. మళ్ళీ మోడు చెరకు సంగతి మొదలుపెట్టాడు. ఈసారి నేను ఊ కొట్టాను.

నర్సింగ్ హోంలో మమ్మల్ని పక్కపక్కన రెండు మంచాల మీద పడుకోబెట్టారు. నర్సు సూది తీయగానే ఆయన గోడ వైపు తిరిగి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నోరు మాత్రం ఆగలేదు. నర్సుకు చెరకు గురించి ఏమీ తెలియదు, అయినా "అవునా సార్, అవునా సార్" అంటూ పని కానిచ్చింది. నాది తీసేటప్పుడు నేను కాళ్ళు ఆడిస్తున్నానని రెండుసార్లు కోప్పడింది. రెండు సీసాలూ పరీక్షకు పోయాయి, అవి కలుస్తాయో లేదో చూసిగాని ఎక్కించరు. ఆ వేచి ఉండటం పొద్దున నుంచి పడ్డదాని కంటే కష్టంగా ఉంది. ఎందుకంటే అక్కడ నేను పీకడానికి వైరు లేదు, కలపడానికి ఏమీ లేదు.

అవ్వ వరండాలో నన్ను చూసి లేచింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి.

"ఫోన్ల ఎవలతోని ముచ్చట పెడ్తున్నవే పొద్దుందాక? ఈడ అక్క సావుబతుకుల మీదుంటే!"

"నేను మాట్లాడలే అవ్వా. ఎవ్వరు మాట్లాడలే. లైను కంప్యూటర్ల పెట్టిన్రు."

"ఎవ్వలు మాట్లాడకుండ ఫోన్ ఎట్ల బిజీ అయితది?"

ఇంటర్నెట్ గురించి ఆ ఊళ్ళో ఎన్నో తరగతులు చెప్పాను. మా అవ్వకు ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడం మాత్రం ఆ రోజూ చేతకాలేదు, ఆ తర్వాతా చేతకాలేదు. బావే అడ్డం వచ్చి, "అయింది ఇడ్సిపెట్టు అత్తా, రక్తం తెచ్చింది గద" అన్నాడు.

పొద్దు గూకే వేళకు డాక్టరమ్మ బయటికి వచ్చింది. రక్తం ఆగిందనీ, గండం దాటినట్టే అనీ, ఇంకో రెండు రోజులు కనిపెట్టి చూడాలనీ చెప్పింది. బావ అక్కడే గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. ఆ సన్నటి మనిషి ఒక చేత్తో మోచేయి మడిచి పట్టుకుని, ఇంకో చేత్తో బావ భుజం తట్టాడు. తిరిగి పోవడానికి జీపెక్కుతున్న ఆయనను, పాపను చూడలేదేమని నేను అడిగితే, "ఇప్పుడు కాదు, కళ్ళు తిరుగుతున్నయి" అన్నాడు.

మర్నాడు అవ్వ వద్దంటున్నా నేను బోధన్ పోయాను. నా వల్ల చెడింది నేనే సరిచేయాలి అనిపించింది. అక్కడ చెడిందేమీ లేదు. అన్న తెల్లవారుజామునే లేచి ఆ ఫైలును మళ్ళీ మొదటి నుంచి దింపి పెట్టాడు. పెద్దాయన నన్ను చూడగానే లేచి వచ్చి అక్క సంగతి అడిగాడు. వైరు గురించి ఒక్క మాట అనలేదు. ఫోను మాత్రం ఆ రోజంతా ఫోనుగానే ఉంది. మెయిళ్ళు కావలసినవాళ్ళు సాయంత్రం దాకా ఆగండి అని మైకులో చెప్పాడట. అడ్రసు మార్చనివ్వని ఇంజనీరు ఒకే ఊపిరిలో రెండు మాటలడిగాడు.

"మీ అక్క ఎట్లుంది? నేను పంపుతున్న మెయిల్ సగంలో ఆగింది, అదేమైంది?"

అక్క బాగుందని చెప్పాను. మెయిల్ మళ్ళీ పంపాలని చెప్పాను. మొదటిదానికి సంతోషించాడు, రెండోదానికి విసుక్కున్నాడు. రెండూ నిజంగానే.

మధ్యాహ్నం టీ దగ్గర ఆ సన్నటి మనిషి చుట్టూ పది మంది మూగి ఉన్నారు. చొక్కా చెయ్యి పైకి మడిచి, దూది అంటించిన చోటు చూపిస్తూ, సూదంటే తనకు లెక్కే లేదని చెప్తున్నాడు. నన్ను చూసి గొంతు కొంచెం తగ్గించాడు.

సాయంత్రం అందరివీ విప్పాను. ఎవరి అడ్రసు వాళ్ళకు తిరిగి పెట్టాను. వైర్లు చుట్టి సంచిలో వేసుకుని, నేనూ అన్నా బస్సులో వచ్చాం. అన్న ఖలీల్‌వాడి దాకా వచ్చి, పాపను దూరం నుంచే చూసి పోయాడు. అక్క లేచి కూర్చుని ఉంది, తెల్లగా పాలిపోయి, కానీ కూర్చుని ఉంది. కారం లేని పథ్యం తిండి తినలేనని బావతో గొడవ పడుతోంది. ఆ గొడవ వింటూ గుమ్మంలో నిలబడ్డాను. ఎంత సేపైనా వినాలనిపించింది.

అవ్వ పాపను నా ఒళ్ళో పెట్టింది. అది గుడ్డలో చుట్టిన చిన్న వెచ్చటి మూట. అది కెవ్వున మొదలుపెట్టింది. నేను లేచి అటు ఇటు నడిచాను, కిటికీ దగ్గరికి పోయాను, మంచం చుట్టూ తిరిగాను, చేతుల్లో ఊపాను. ఎంత ఊపితే అంత ఏడ్చింది.

"గట్ల ఊపకే" అంది అవ్వ. "ఒక్క కాడ కూసో. నువ్వు కూసుంటె అది పండుతది."

గచ్చు మీద అవ్వ పక్కన కూర్చున్నాను. కాలు ఆడబోతే అవ్వ తన చెయ్యి నా మోకాలి మీద వేసి నొక్కింది. కాసేపటికి పాప ఏడుపు ఆపింది. ఎందుకు ఆపిందో చూద్దామని వంగితే, నిద్రపోతోంది.